పీతాంబరం నుంచి నెమలికంఠం దాకా

శ్రీమన్నారాయణుణ్ణి పీతాంబరధారి అని నిత్యమూ స్తుతిస్తాం. ఆ పీతవర్ణం ఎలా ఉంటుందని పిల్లలు అడిగితే కమ్మర్‌పల్లిలో జవాబు వెతకనక్కరలేదు. వాకిట ఆరబోసిన పసుపు కొమ్ము విరిచి చూపితే చాలు. పసుపు పంటకు పరిశోధన కేంద్రమే వెలసిన ఊరు మనది.

పట్టుకు సంస్కృతంలో కౌశేయమని పేరు. పట్టుపురుగు తన చుట్టూ అల్లుకునే గూడు కోశం. దానినుంచి పుట్టినది కౌశేయం. కాళిదాసు శాకుంతలంలో చీనాంశుకమన్నాడు. ఆ పేరు వస్త్రం వచ్చిన దేశాన్ని చెబుతుంది. రంగుల పేర్లు మాత్రం మన చేలలోనివే. లలితా సహస్రనామ పారాయణం చేసే తల్లులు అమ్మవారి వస్త్రాన్ని కౌసుంభమని ప్రతిదినమూ కీర్తిస్తారు. అది నూనెగింజల కోసం మన రైతులు యాసంగిలో వేసే కుసుమ పువ్వు రంగే! ఆ రేకులలో రెండు వన్నెలు దాగి ఉంటాయి. నీటిలో నానబెట్టి కడిగితే పసుపు వన్నె పోతుంది. మిగిలిన రేకులను క్షారజలంలో నానబెట్టి, దానికి పులుపు చేర్చినప్పుడే అరుణవర్ణం బయటపడి పట్టుకు అంటుతుంది.

కాకతీయుల కాలపు పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యంలో ఎన్నో వస్త్రాల పేర్లు చెప్పాడు. పొంబట్టు, మరకతపట్టు, క్షీరోదకం, వాయుమేఘం వాటిలో కొన్ని. పొంబట్టు అంటే బంగారు పట్టు. వాయుమేఘమన్న మాట వింటేనే గాలికి తేలే మబ్బు కళ్లముందు కదలదూ! ఇప్పటికీ మన స్త్రీలు చిలకపచ్చ, వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం అనే అడుగుతారు. నెమలికంఠం సంగతి వేరు. అది ఒక్క రంగు కాదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. మడత కదిలితే నెమలి మెడ తిప్పినట్లు వన్నె మారుతుంది. మన భాషలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పూర్వం అద్దకంవారు పసుపు రంగు, నీలిమందు ఒకదానిపై ఒకటి వేసి ఆకుపచ్చ తెప్పించేవారు.

అయితే పసుపు ఎండకు ఓర్వదు. నా పన్నెండవ ఏట అమ్మవారి పసుపు వస్త్రాన్ని తడిపి నడివాకిట ఆరవేశాను. సాయంత్రానికి వెలిసిపోయింది. నాన్నగారు కోప్పడలేదు. పసుపు కలిపిన పళ్లెం నా ముందుంచి మళ్లీ ముంచమన్నారు. ఈసారి మండపం నీడన ఆరవేశాము.

నేడు పేరు పట్టుది, పోగు వేరొకటి. మొన్న శ్రావణ శుక్రవారం ఒక తల్లి చీర తెచ్చి, "అయ్యగారూ, పట్టని ఇచ్చిన్రు, ఇది పట్టేనా?" అని అడిగింది. కొన్ని నెలల కూలి డబ్బు కూడబెట్టి కొన్నది. అంచునుంచి ఒక పోగు తీసి గుడి వెలుపల అగ్గిపుల్లతో అంటించాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి గట్టి పూసయింది. ఆమె ముఖం చూడలేకపోయాను. హారతుల సమీపంలో కరిగి అంటుకునే బట్టను విగ్రహానికి కట్టలేము. అందుకే అడుగుతున్నాను, కొనేముందు సిల్క్ మార్క్ చీటీ చూడండి. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో వచ్చిన గుర్తు అది.

పట్టే కావాలని నియమం లేదు తల్లీ, నూలు తీసుకురా అన్నాను. మరుసటి శుక్రవారం తెల్లని నూలుబట్టను ఇంటి పసుపులో ముంచి, నీడన ఆరబెట్టి తెచ్చింది. ఆనాడు అమ్మవారికి అదే కట్టాను.