మంద దిగిన చేను

పాలమూరు ప్రాంతంలో ఉట్నూరు అనే ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, అది వేరు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడి బూడిద దిబ్బను తవ్వించాడు. దక్కన్‌లో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. అవి అగ్నిపర్వతాల ఆనవాళ్లని కొందరు, ఇనుము కరిగించిన చోట్లని కొందరు అంతకుముందు వాదించేవారు. ఆల్చిన్‌కు కనిపించింది అదేదీ కాదు. వరసగా గుంజలు పాతిన గుంటలు, నేలలో దిగబడిన గిట్టల అచ్చులు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. పోగుపడిన పేడను ఎన్నోసార్లు తగలబెట్టగా దిబ్బ అయింది.

ఆనాటి వాళ్లు పేడను ఎందుకు కాల్చారన్నది పండితుల చర్చ. తర్వాతి కాలపు రైతు మాత్రం దాన్ని కాల్చలేదు, చేలోకి తెచ్చుకున్నాడు. అంతకంటే తెలివైన పని ఇంకోటి చేశాడు. పెంటను బండికెత్తి చేనుకు తోలే శ్రమ ఎందుకని మందనే చేనులో పడుకోబెట్టాడు.

మంద పెట్టించడం అంటే ఇదే. పంట కోసి చేను ఖాళీ అయ్యాక రైతు గొర్లకాపరితో మాట్లాడుకుంటాడు. పగలంతా ఎక్కడెక్కడో మేసిన మంద చీకటి పడేసరికి ఆ చేనులోకి దిగుతుంది. తెల్లారేదాకా అక్కడే నెమరు వేస్తుంది, పెంటికలు వేస్తుంది, మూత్రం పోస్తుంది. మర్నాడు మరో మడిలోకి జరుపుతారు. బీళ్ల మీదా గుట్టల మీదా పెరిగిన గడ్డిలోని సారం ఇలా రాత్రికి రాత్రే జొన్న చేనులోకి చేరుతుంది. పెంటకుప్పలో వేసిన ఎరువులో మూత్రం చాలావరకు వృథా అవుతుంది. మంద కట్టినచోట అది నేరుగా మట్టిలోకి ఇంకుతుంది. వ్యవసాయ పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే, గొర్రెలు మేకల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది. ఈ లెక్క తెలియకముందే మంద దిగిన మడి ఏదో, దిగనిది ఏదో పైరు రంగు చూసి రైతులు చెప్పేవారు.

ప్రతిఫలం ఒకప్పుడు గింజల్లోనే ఉండేది. రాత్రికి ఇన్ని జొన్నలనో, ఇంత వడ్లనో ఒప్పందం, పైగా కాపరికి అన్నం. సెంటు భూమి లేని కాపరి ఇంట్లో ఏడాది పొడవునా తిండిగింజలు ఉన్నాయంటే కారణం ఈ పెంటికలే. రైతు ఎరువుకూ, కాపరి గింజలకూ రూపాయి తీయనక్కర్లేదు. స్వయంసమృద్ధి అనగానే ఒక్క కుటుంబం తన గడప లోపలే అన్నీ పండించుకోవడం అనుకుంటాం. దక్కన్ పల్లె దాన్ని అలా సాధించలేదు. ఇద్దరి మధ్య మందను తిప్పి సాధించింది.

దీనంతటికీ మూలం గొర్రె పొట్టలో ఉంది. గడ్డిలోని పీచును మనిషి అరిగించుకోలేడు. నిజానికి గొర్రె కూడా సొంతంగా అరిగించుకోలేదు. నాలుగు గదుల పొట్టలో మొదటిదాంట్లో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. పీచును పులియబెట్టి శక్తినిస్తాయి, చివరికి తామే మాంసకృత్తులై దానికి ఆహారమవుతాయి. తుమ్మకాయ, రేగాకు, గరిక, కోసిన చేనులో మిగిలిన కొయ్యకాళ్లు, ఏదైనా సరే పాలుగా, మాంసంగా, ఉన్నిగా మారుతుంది. వాన నమ్మకం లేని నేలలో పంట పోయినా ఇంత గడ్డి మొలుస్తుంది. కరువు ఏళ్లలో ఇల్లు నిలిచేది ఆ గడ్డి మీదే.

గొర్రె చూలు ఐదు నెలలు. ఆ తర్వాత పిల్ల. పొట్టేలు పిల్లలు పెరిగితే పండుగకో, పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అమ్ముతారు. బ్యాంకులో వేసిన డబ్బుకు గొర్రెలకొచ్చే చిటుకు రోగం రాదన్నది నిజమే. కానీ అవసరం పడితే ఆదివారమైనా చేతికొచ్చే సొమ్ము ఇది.

ఇక గొంగడి. దక్కనీ జాతి నల్లగొర్రె ఉన్ని ముతకగా ఉంటుంది, మెత్తటి స్వెటర్లకు పనికిరాదు. గొర్రెలు కాచే కురుమల ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని ఏకి వడికితే, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేవారు. ఆ దారానికి బలం రావడానికి చింతగింజల గంజి పట్టించేవారు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అందుకే కాపరి వానలో దాన్ని తలమీదుగా కొప్పెర వేసుకుంటాడు, రాత్రి పరుచుకుంటాడు, చలికి కప్పుకుంటాడు. మల్లన్నను కొలిచే ఒగ్గు కథకుల భుజం మీదా అదే కనిపిస్తుంది.

ఈ అల్లిక ఎక్కడ తెగింది? ఒక్కచోట కాదు. యూరియా బస్తా వచ్చింది. బోర్లు పడ్డాక రెండో పంట మొదలై, మంద దిగడానికి ఖాళీ చేను కరువైంది. ఊరి బీళ్లు ప్లాట్లయ్యాయి. మాంసానికి ధర పెరగడంతో కాపరులు నెల్లూరు జాతి వైపు తిరిగారు. దేశవాళీ గొర్రెల్లో అన్నిటికంటే ఎత్తైనది, తూకం బాగా వస్తుంది, కానీ ఒంటి మీద ఉన్ని ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టింది. 2019 పశుగణనలో దేశంలోని 7.4 కోట్ల గొర్రెల్లో సగానికి దగ్గరగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే తేలాయి. తల లెక్క పెరిగింది, సంతోషమే. వాటిని మేపే నేల సంగతి మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా లెక్కించినట్టు లేదు.

రసాయన ఎరువులు మానేయాలనుకునే రైతులు ఇప్పుడు మళ్లీ మంద కోసం కాపరులను వెతుక్కుంటున్నారు. బేరం ఈసారి గింజల్లో కాదు, నోట్లలో. ఉన్నికి ఆ గిరాకీ కూడా లేదు. నల్లగొర్రెకు ఏటా బొచ్చు కత్తిరించాల్సిందే, లేకుంటే ఎండకు తట్టుకోలేదు. కత్తిరించిన కూలి కూడా రాని ఆ ఉన్నిని చాలాచోట్ల పారబోసి, కాపరులు సంతలో పాలిస్టర్ దుప్పటి కొనుక్కుంటున్నారు.