జర్మన్లకూ స్లోవేన్లకూ తగవెక్కడ వచ్చింది?

ఏళ్ళ తరబడి బ్యాంకులో పద్దులు చూసినవాణ్ణి. బడ్జెట్‌లో ఒక చిన్న పద్దు మీద మంత్రివర్గమే కూలిపోయిందని చదివినప్పుడు ఆసక్తి కలగకుండా ఉంటుందా? 1895లో ఆస్ట్రియాలో జరిగిన సంగతి ఇది.

నేటి స్లోవేనియాలో చాలా భాగం 1918 వరకు ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. పల్లెల్లో స్లోవేన్ భాష, పట్నాల్లోనూ కచేరీల్లోనూ జర్మన్. స్లోవేన్ రైతుబిడ్డ చదువుకుని ఉద్యోగంలో చేరితే, ఒకటి రెండు తరాల్లో ఆ కుటుంబం జర్మన్ కుటుంబమైపోయేది. అందుచేత చాలాకాలం పెద్ద పేచీ లేదు. సొంత భాష వదులుకోకుండానే పైకి రావచ్చునన్న ఆలోచన 19వ శతాబ్దంలో బలపడింది. పేచీ కూడా దానితోనే వచ్చింది.

ట్సెల్యె అనే ఊరు ఉంది. జర్మన్లు త్సిల్లి అనేవారు. ఊళ్ళో జర్మన్ మాట్లాడేవారు ఎక్కువ, చుట్టూ స్లోవేన్ పల్లెలు. అక్కడి ప్రభుత్వ హైస్కూలులో స్లోవేన్ సెక్షన్లు కూడా పెట్టమని స్లోవేన్లు కోరారు. ఆ ఖర్చు బడ్జెట్‌లో చేరేసరికి జర్మన్ పక్షం ప్రభుత్వం నుంచి తప్పుకుంది. ప్రధాని విండిష్‌గ్రెట్స్ దిగిపోయారు. నాలుగు క్లాసులకు ఇంత రభసా అనిపిస్తుంది. కాని ఆ జర్మన్ల భయమూ నాకు అర్థమవుతుంది. ఆ బడి వల్లనే కదా వారి ఊరు జర్మన్ ఊరుగా నిలిచింది! చివరకు పద్దు పాసయింది, సెక్షన్లూ వచ్చాయి.

రెండో తగవు జనాభా లెక్కలది. 1880 నుంచి ఆస్ట్రియావారు అడిగింది మాతృభాష కాదు, నిత్యం వాడే భాష. జర్మన్ యజమాని దగ్గర పనిచేసే స్లోవేన్ మనిషి ఈ లెక్కన జర్మన్ గడిలోకి పోవచ్చు.

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. మేము తమిళనాడులో స్థిరపడి ఎన్నో తరాలయింది. 2011లో జనాభా లెక్కలవారు మా ఇంటికి వచ్చి మాతృభాష అడిగితే తెలుగు అని రాయించాను. మా అబ్బాయి నావంక అదోలా చూశాడు. వాడూ చెల్లెలూ మాట్లాడుకునేది తమిళమే మరి. ఆస్ట్రియా ప్రశ్నే అడిగి ఉంటే మా పిల్లల గడిలో తెలుగు ఉండేది కాదు.

ఇక 1908 సెప్టెంబరులో ప్తూయ్ పట్టణానికి సమావేశానికి వచ్చిన స్లోవేన్ విద్యాసంఘం వారిపై జర్మన్లు దాడి చేశారు. దానికి నిరసనగా లుబ్లియానాలో ఊరేగింపులు జరిగాయి. 20వ తేదీన సైన్యం కాల్పుల్లో ఇవాన్ ఆదమిచ్, రుడోల్ఫ్ లుండర్ అనే ఇద్దరు చనిపోయారు.

ఆ మీదట స్లోవేన్లు ఏం చేశారో తెలుసా? జర్మన్ల చేతిలో ఉన్న క్రాన్‌స్కా పొదుపు బ్యాంకు నుంచి డిపాజిట్లు వెనక్కు తీసుకోసాగారు. 1820లో పుట్టిన బ్యాంకు అది. తాతల నాటి ఖాతాలు కూడా ఉండే ఉంటాయి. భాష పేరున డబ్బు వెనక్కు అడిగే ఖాతాదారుకు కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా ఏ భాషలో జవాబు చెప్పాడో!