లక్ష్యాలు, అలవాట్లు: దూరవిద్యలో విజయానికి దారి

భాగ లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పెద్ద లక్ష్యాన్ని వారపు పనిగా, రోజువారీ పనిగా విభజించుకోగలుగుతారు.
• అలవాటు ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• మీ దినచర్యలో చదువుకు తగిన సంకేతాన్ని ఎంచుకోగలుగుతారు.
• చదువు మధ్యలో ఆగినప్పుడు తిరిగి మొదలుపెట్టే పద్ధతిని రూపొందించుకోగలుగుతారు.

1. పరిచయం

మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్న పేరుతో ప్రారంభమైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. కాలేజీకి వెళ్ళలేని వారి ఇంటి ముంగిటికే చదువును తీసుకురావడం దాని ఉద్దేశం. అయితే పుస్తకం ఇంటికి వచ్చినంత సులువుగా కాలేజీ వాతావరణం ఇంటికి రాదు. రెగ్యులర్ కాలేజీలో గంట మోగుతుంది, హాజరు పిలుస్తారు, పక్కన స్నేహితుడు నోట్సు రాస్తుంటాడు. దూరవిద్యలో ఇవేవీ ఉండవు. ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి.

పుస్తకాల కట్ట విప్పకముందే పరీక్షల ప్రకటన వచ్చేసిందని చెప్పే అభ్యాసకులు ఏ అధ్యయన కేంద్రంలోనైనా కనిపిస్తారు. వారిలో చాలామందికి తెలివితేటలకు కొదవ లేదు. పుస్తకం తెరిచే వేళంటూ ఒకటి వారి రోజులో ఏర్పడలేదు, అంతే. దానివల్ల ఫీజు, ఒక సంవత్సరం పోతాయి. వాటికన్నా పెద్ద నష్టం, 'ఇక చదువు నావల్ల కాదు' అన్న తప్పుడు నిర్ణయానికి రావడం.

ఈ భాగంలో ఉదాహరణలను వికారాబాద్, తాండూరు ప్రాంతాల జీవితం నుంచి తీసుకున్నాం. 2016లో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో నాపరాతి గనులు, బండల పాలిషింగ్ యూనిట్లు, కంది చేలు, హైదరాబాదుకు రైల్లో వెళ్ళి వచ్చే ఉద్యోగులు అందరూ ఉన్నారు. మీరు ఏ ఊరివారైనా ఈ ఉదాహరణల స్థానంలో మీ పనిని పెట్టి చదవండి.

2. లక్ష్యాన్ని లెక్కలోకి దించడం

'ఈసారి బాగా చదవాలి' అనేది కోరిక మాత్రమే. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లక్ష్యాల మీద దశాబ్దాలపాటు పరిశోధన చేశారు. 'చేతనైనంత చెయ్యి' అని చెప్పినప్పటికన్నా, స్పష్టమైన, కొంత కష్టమైన లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు మెరుగ్గా పనిచేస్తారని వారు చూపారు.

స్పష్టత లెక్కతో వస్తుంది. మీకు నాలుగు పేపర్లు, ఒక్కో పేపరులో 20 భాగాలు ఉన్నాయనుకోండి. మొత్తం 80 భాగాలు. ఒక్కో భాగానికి రెండు గంటలు పడితే 160 గంటల చదువు. పరీక్షలకు 25 వారాల వ్యవధి ఉంది. వారానికి నాలుగు భాగాలు చదివితే 20 వారాల్లో పూర్తవుతాయి, ఐదు వారాలు పునశ్చరణకు మిగులుతాయి. అంటే రోజుకు సుమారు 70 నిమిషాలు. ఇదే చదువును చివరి ఐదు వారాలకు వాయిదా వేస్తే రోజుకు నాలుగున్నర గంటలకు పైగా చదవాలి. ఉద్యోగమో, కూలి పనో, ఇంటి పనో చేసుకునే వారికి అది దాదాపు అసాధ్యం.

మీ పేపర్లకు ఈ లెక్క వేసి, గోడ మీద క్యాలెండరులో వారం వారం రాసుకోండి.

3. అలవాటు ఎలా ఏర్పడుతుంది?

ఒకే పరిస్థితిలో ఒకే పనిని పదేపదే చేస్తే, కొంతకాలానికి ఆ పరిస్థితి ఎదురవగానే ఆ పని తనంతట తాను గుర్తుకు వస్తుంది. లేవగానే పళ్ళు తోముకోవాలని మనం నిర్ణయం తీసుకోం, చేసేస్తాం. ఇదే అలవాటు. ఆ పనిని గుర్తుచేసే పరిస్థితిని 'సంకేతం' అంటారు.

21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చాలామంది చెబుతారు. ఈ అంకెకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ప్రచురించిన పుస్తకం. శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. అది చదువు గురించి చెప్పిన మాట కాదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ప్రతి ఒక్కరూ ఒక చిన్న పనిని రోజూ ఒకే సంకేతం తరువాత చేశారు. అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మంచినీళ్ళు తాగడం వంటి సులువైన పనులకన్నా వ్యాయామం వంటివి ఎక్కువ కాలం తీసుకున్నాయి.

కాబట్టి మూడు వారాల తరువాత కూడా పుస్తకం తెరవడం బరువుగా అనిపిస్తే మీలో లోపం ఉన్నట్లు కాదు. 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించే రైతులకు ఈ సంగతి కొత్త కాదు. కంది మొక్క మొదట్లో పైకి పెద్దగా ఎదగదు, వేరు లోతుకు దిగుతుంది. ఎదగలేదని ఎవరూ చేను దున్నేయరు కదా.

4. సంకేతాన్ని ఎంచుకోవడం

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన ఒక వ్యాసంలో 'ఇది జరిగితే అది చేస్తాను' అన్న రూపంలోని ప్రణాళికలు ఉత్త సంకల్పం కన్నా బాగా పనిచేస్తాయని వివరించారు. గడియారం కన్నా, మీ రోజులో తప్పక జరిగే ఒక పనిని సంకేతంగా పెట్టుకోవడం చాలామందికి అనుకూలంగా ఉంటుంది.

తాండూరులో పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే అభ్యాసకుడు 'సాయంత్రం ఆరింటికి చదువుతాను' అనుకున్నాడనుకోండి. ఆ రోజు లారీకి లోడు ఎత్తాల్సి వస్తే ఆరు దాటిపోతుంది, చదువూ పోతుంది. 'ఇంటికొచ్చి, స్నానం చేసి, చాయ్ తాగిన గ్లాసు కింద పెట్టగానే పుస్తకం తెరుస్తాను' అనుకుంటే, ఏడైనా ఎనిమిదైనా సంకేతం తప్పదు.

వికారాబాద్ నుంచి రోజూ హైదరాబాదుకు రైల్లో వెళ్ళే ఉద్యోగినికి పెట్టెలో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ప్లాట్‌ఫారం మీద వేచి ఉండటం మాత్రం ఖాయం. ఒక భాగంలోని ఐదు ప్రశ్నలు చిన్న కాగితం మీద రాసి బ్యాగులో ఉంచుకుంటే, ప్లాట్‌ఫారం మీద నిలబడగానే వాటికి మనసులో జవాబులు చెప్పుకోవచ్చు.

వ్యవసాయ కుటుంబాలకు ఏడాదంతా ఒకే దినచర్య ఉండదు. వానాకాలంలో విత్తిన కంది డిసెంబరు, జనవరి ప్రాంతంలో కోతకు వస్తుంది. కోతల రోజుల్లో 70 నిమిషాలు కుదరవు. ఆ వారాలకు 'రాత్రి అన్నం తిన్నాక రెండు పేజీలు' అని ముందే తగ్గించి రాసుకోండి. మిగిలిన భాగాలను ముందు వెనుక వారాలకు సర్దండి. పని తగ్గినా సంకేతం తెగిపోకూడదు.

5. కూర్చున్నాక ఏం చేయాలి?

చదివిందే మళ్ళీ చదివితే వచ్చేసినట్లు అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ఎక్కువ చెప్పగలిగారు. మీ పరీక్ష ఐదు నిమిషాల తరువాత జరగదు. అందుచేత ప్రతి కూర్చింపులో చివరి పది నిమిషాలు పుస్తకం మూసి, గుర్తున్నది సొంత మాటల్లో రాయండి. తరువాత పుస్తకంతో సరిచూసుకోండి.

6. తప్పిపోయిన రోజు

పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఓవర్‌టైమ్ తప్పవు. పైన చెప్పిన లాలీ బృందం పరిశీలనలో ఒక రోజు మానేసినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదు. ప్రమాదం 'ఎలాగూ తప్పింది, వచ్చే నెల నుంచి మొదలుపెడదాం' అనుకోవడంలో ఉంది. మరుసటి రోజు అదే సంకేతం దగ్గర పది నిమిషాలైనా కూర్చోండి. తప్పిన పాఠమంతా ఆ ఒక్క రోజే పూర్తిచేయాలని చూడకండి.

అలవాటు లేని సమయాన్ని సృష్టించలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంటెడు చాకిరీ ఒక్కరి మీదే ఉంటే, ముఖ్యంగా స్త్రీలకు, ఏ ప్రణాళికా నిలవదు. మీ వారపు లెక్కను ఇంట్లోవారికి చూపించి, ఆ గంట ఎవరు ఏ పని అందుకుంటారో మాట్లాడుకోవడం కూడా చదువులో భాగమే.

7. సారాంశం

లక్ష్యం ఎటు వెళ్ళాలో చెబుతుంది. అక్కడికి చేర్చేది ప్రతిరోజూ ఒకే సంకేతం తరువాత చేసే చిన్న పని. లక్ష్యాన్ని వారాలుగా, నిమిషాలుగా లెక్కించండి. తప్పక జరిగే పనికి చదువును ముడివేయండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. ఒక రోజు తప్పితే మరునాడే తిరిగి కూర్చోండి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సంకేతం అంటే ఏమిటి? మీ దినచర్యలో తప్పక జరిగే మూడు పనులను రాయండి.
2. మీ పేపర్లు, భాగాలు, మిగిలిన వారాలను బట్టి రోజుకు ఎన్ని నిమిషాలు చదవాలో లెక్కించండి.
3. '________ అయిన వెంటనే నేను ________ చేస్తాను.' ఖాళీలను పూరించి, ఈ రోజే అమలు చేయండి.