పిలిచిన నంబరు, పిలిచిన మనిషి

టెలిఫోను మోగగానే తెర మీద నంబరు కనబడుతుంది. ఫలానావారే పిలుస్తున్నారని మనం నిశ్చయించుకొంటాము. కాని టెలిఫోను కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సులో నిర్వచించినది పిలిచే 'లైను' గుర్తింపు. అనగా కాల్ ఏ నంబరు నుండి బయలుదేరినదో నెట్‌వర్కు గుర్తించి, అవతలి నెట్‌వర్కుకు అందజేయాలి. ఫోను చేతబట్టిన మనిషి ఎవరన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేనే లేదు.

ఈ తేడా మన పెద్దలకు కొత్త కాదు. వెనుక దాదర్, వర్లీ, కామాటిపురా చాళ్లలో ఇంటింటా ఫోను ఎక్కడిది? కింది దుకాణంలోనో, ఏ అదృష్టవంతుని ఇంటనో ఒకటి ఉండేది. విజిటింగు కార్డు మీద ఆ నంబరే వేయించి, పక్కన 'పి.పి.' అని అచ్చొత్తించుకొనేవారు. కాల్ వస్తే కుర్రవాడు మెట్ల దగ్గర నిలబడి పేరు పెట్టి కేకవేసేవాడు. ట్రంకు కాల్ అయితే పేరు చెప్పి ఆ మనిషినే పిలిపించవచ్చును. దానికి అదనపు రుసుము. నంబరు ఒకరిది, మాట మరొకరిది అని అందరూ ఎరిగినదే.

ఇప్పుడు నంబరుతోపాటు పేరు కూడా చూపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసినది. మంచిదే. అయితే ఆ పేరు కనెక్షను దరఖాస్తులో వ్రాసిన పేరు. మన ఇళ్లలో సిమ్ము మామగారి పేర, ఫోను కోడలి చేత! ఆమె పిల్లవాని బడికి ఫోను చేస్తే అవతల పడేది మామగారి పేరు. ఆయన కాలం చేసి ఏళ్లయినా ఆ పేరే పడవచ్చును. ఆ నంబరుతో ఎవరైనా తప్పుడు పని చేస్తే మొదట విచారించేదీ ఆ పేరునే.

ఇక మోసగాళ్లు విదేశం నుండి పిలుస్తూ మన దేశపు నంబరు పడేటట్లు చేస్తారు. వాటిని ఆపే ఏర్పాటు 2024 అక్టోబరులో ప్రారంభించగా, 24 గంటలలోనే సుమారు 1.35 కోట్ల కాల్‌లు పట్టుబడినవని ప్రభుత్వం ప్రకటించినది. 2023 టెలికాం చట్టం ప్రకారం ఇలా గుర్తింపును తారుమారు చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. అయినా కాల్‌లు వస్తూనే ఉన్నవి. పోలీసులమని బెదిరించి వీడియో ముందు కూర్చోబెట్టే 'డిజిటల్ అరెస్టు' మన చట్టాలలో ఎక్కడా లేదు. అటువంటి కాల్ వస్తే పెట్టివేయండి. బ్యాంకు పేరు చెబితే, పాసుబుక్కు మీది నంబరుకు మీరే ఫోను చేయండి. డబ్బు పోతే వెంటనే 1930.

మీ పేర ఎన్ని కనెక్షన్లున్నవో 'సంచార్ సాథీ'లో తెలుసుకొనవచ్చును. మీది కానిది ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చును. ఈ ఆదివారం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి చూడండి.