మగవారిలో బీజకణాలు పుట్టేదెలా? నశించేదెలా?



చాలినంత సంతానం కలిగాక ఆపరేషన్ మాట వస్తే, చాలా ఇళ్ళలో ముందుగా వినిపించే మాట ఒకటే: "మగవాడికి వద్దు. కష్టం చేసే మనిషి, సత్తువ పోతుంది. బీజం లోపలే నిలిచిపోయి రోగం వస్తే ఎట్లా?" ఈ భయం వల్ల బరువంతా ఆడవారి మీదే పడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ వయస్సు గల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది తామే ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఈ భయంలో నిజమెంత? వృషణాలలో జరిగే పని తెలుసుకుంటే మీకే అర్థమవుతుంది.

రోజూ పుట్టుక, రోజూ చావు

వృషణాలలో దారం వంటి సన్నని గొట్టాలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. వాటి గోడలలో బీజకణాలు పుడతాయి. అవి విభజన చెందుతూ, రూపు మారుతూ చివరకు తోక గల వీర్యకణాలు అవుతాయి. ఇందుకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఈ పని రాత్రింబవళ్ళు జరుగుతూనే ఉంటుంది. ఆరోగ్యవంతుడైన మగవానిలో రోజుకు కోట్ల వీర్యకణాలు తయారవుతాయి.

అయితే పుట్టిన ప్రతి బీజకణమూ వీర్యకణం కాదు. చాలా కణాలు దారిలోనే చనిపోతాయి. ఇది జబ్బు కాదు. ప్రత్తి చేలో ఒత్తుగా మొలిచిన మొక్కలను తీసివేసి బలమైన వాటిని ఉంచుతాం కదా! ఇదీ అటువంటిదే. గొట్టాలలో బీజకణాలను సాకే కణాలు వేరే ఉన్నాయి. 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎన్రికో సెర్టోలి వీటిని వర్ణించాడు కనుక వీటిని సెర్టోలి కణాలంటారు. ఒక్కొక్క సెర్టోలి కణం కొన్ని బీజకణాలనే సాకగలదు. ఎక్కువైనవీ, లోపం ఉన్నవీ తమంతట తామే ముడుచుకొని చనిపోతాయి. వాటిని సెర్టోలి కణాలే మింగి శుభ్రం చేస్తాయి. చీము పట్టదు, వాపు రాదు, మనిషికి తెలియనే తెలియదు.

ఈ లెక్క చూసేది ఎవరు?

మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది. అది రెండు హార్మోనులను రక్తంలోకి పంపుతుంది. ఒకటి సెర్టోలి కణాలచేత పని చేయిస్తుంది. రెండోది వృషణాలలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తయారయ్యేటట్లు చేస్తుంది. ఇవి సరిగా అందితే బీజకణాలు బ్రతుకుతాయి. తగ్గితే ఎక్కువ చనిపోతాయి.

వేడి కూడా వీటికి పడదు. వృషణాలు శరీరం కంటే 2 నుండి 4 డిగ్రీల సెంటీగ్రేడు చల్లగా ఉండాలి. అందుకే అవి బయట తిత్తిలో ఉంటాయి. తీవ్రమైన జ్వరం, పెద్ద వయస్సులో గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాయడం, పొగ త్రాగడం బీజకణాలకు చేటు. కండలు పెరగాలని డాక్టరు సలహా లేకుండా టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకుంటే పిట్యూటరీ తన పని తగ్గించుకుంటుంది. వీర్యకణాలు తయారుకావడం ఆగిపోవచ్చు.

కనుక పెళ్ళై, కలిసి కాపురం చేస్తూ ఏడాది దాటినా గర్భం రాకపోతే ఒక్క భార్యనే నిందించకండి. భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఆపరేషన్ తరువాత ఏమవుతుంది?

వేసెక్టమీలో వృషణాలను తీయరు, చిదమరు. వీర్యకణాలు పైకి పోయే రెండు సన్నని నాళాలను మాత్రమే మూసివేస్తారు. మగ హార్మోను ఈ నాళాల గుండా పోదు. అది రక్తంలో కలిసి పోతుంది. కాబట్టి గడ్డం, మీసం, కండబలం, కోరిక అన్నీ మునుపటిలాగానే ఉంటాయి. వీర్యంలో ఎక్కువ భాగం వేరే గ్రంథులనుండి వచ్చే ద్రవమే. అందుచేత వీర్యం కూడా ఎప్పటిలాగే వస్తుంది.

మరి లోపల తయారైన వీర్యకణాలు? అవి పాతబడి, నశించి, శరీరంలోనే ఇంకిపోతాయి. చనిపోయిన కణాలను శుభ్రం చేసుకోవడం శరీరానికి కొత్త కాదని పైన చూశాం కదా! కొద్ది రోజులు కాస్త నొప్పి, వాపు ఉండవచ్చు. కొద్దిమందికి నొప్పి ఎక్కువ కాలం ఉండవచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించాలి.

మూడు నెలలు మరువకండి

చెరువు తూము మూసినా, అప్పటికే కాలువలో ఉన్న నీరు పారుతూనే ఉంటుంది. అలాగే ఆపరేషన్ నాటికే నాళాలలో పైకి చేరిన వీర్యకణాలు కొంతకాలం బయటికి వస్తాయి. అందుచేత 3 నెలలపాటు నిరోధ్ గాని, మరొక పద్ధతి గాని వాడాలి. తరువాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. వీర్యకణాలు లేవని డాక్టరు చెప్పేవరకు నిరోధ్ మానకూడదు.

ఈ జాగ్రత్త తీసుకోకపోతే భార్య గర్భవతి కావచ్చు. అప్పుడు భర్త అనుమానిస్తే ఏ పాపం ఎరుగని ఇల్లాలి బ్రతుకు నరకమవుతుంది. ఒక్క పరీక్ష ఆ సంసారాన్ని కాపాడుతుంది.

ఇప్పుడు కోత, కుట్టు లేని వేసెక్టమీ ఉంది. మత్తు సూది ఆ చోటికే వేసి, చిన్న రంధ్రం ద్వారా పని పూర్తి చేస్తారు. అదే రోజు ఇంటికి పోవచ్చు. అయితే దీనిని శాశ్వత పద్ధతి అనే తలచాలి. మళ్ళీ పిల్లలు కావాలనే ఆలోచన ఏ మాత్రం ఉన్నా, తాత్కాలిక పద్ధతులే వాడండి. ఇందులో ఎవరి బలవంతమూ ఉండరాదు.

ఇంకా సందేహాలుంటే సిగ్గుపడకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును గాని, ఆరోగ్య కార్యకర్తను గాని అడగండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రండి, కలిసి నిర్ణయించుకోండి.