సహకార సంఘానికి చేయూత ఎలా ఇవ్వాలి?

మన సంఘంలోని స్త్రీలు పదిమంది వచ్చి, "అయ్యగారూ, మేమంతా కలిసి ఒక పొదుపు సంఘం పెట్టుకుంటాము, మీరు సహాయం చేయండి" అని అడిగారనుకోండి. మనలో చాలామందిమి వెంటనే జేబులో చెయ్యి పెడతాము. మనసు మంచిదే. కాని ఎన్నో సంఘాలు సరిగ్గా అక్కడే చెడిపోతాయి.

జర్మనీ దేశంలో ఫ్రీడ్‌రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అనే భక్తిగల మేయరు ఉండేవాడు. 1846-47 చలికాలంలో కరువు వచ్చినప్పుడు ఆయన కలిగినవారి దగ్గర సొమ్ము పోగుచేసి, ఊరికంతటికీ ఒక రొట్టెల పొయ్యి కట్టించి, పేదలకు అప్పు మీద రొట్టె ఇప్పించాడు. ఆ తరువాత కూడా చాలా ఏళ్లు ధనికుల పూచీ మీదనే సహాయ సంఘాలు నడిపాడు. ఏమి జరిగిందో గమనించండి. రానురాను ఇచ్చేవారి ఉత్సాహం చల్లారిపోయింది. అందుచేత 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పద్ధతి మార్చాడు: అప్పు కావలసినవాడే సభ్యుడు కావాలి, సంఘం బాకీకి సభ్యులందరూ తమ ఆస్తితో సహా బాధ్యులు. అందుకే సంఘం పరిధిని ఒక ఊరు దాటనివ్వలేదు. పొరుగువాని సంగతి తెలియకుండా పూచీ ఎలా పడతాము?

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కొంచెం కొంచెం కూడబెట్టి, 1844 డిసెంబరులో అంగడి తెరిచారు. సరుకులా? వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. అంతే!

కాబట్టి ముందు సభ్యుల పొదుపు, ఆ తరువాతనే బయటి డబ్బు. మన రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కూడా ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యులే తమ నియమావళి రాసుకొని నడుపుకోవడానికి వీలు కల్పించింది.

మరి మనమేమి చేయాలి? పుస్తకం రాయడం నేర్పాలి. నియమావళిని చదువురానివారికి చదివి వినిపించాలి. అధ్యక్ష పదవి మాత్రం తీసుకోకూడదు. పాస్టరుగారే అధ్యక్షుడు, పాస్టరమ్మగారే కోశాధికారి అయితే లెక్క అడిగే ధైర్యం ఎవరికుంటుంది? నా మాట ఎవరినైనా నొప్పిస్తే క్షమించండి, నేనూ పాస్టరునే.

ఏడాది తిరిగేసరికి ఆ స్త్రీలలో ఒకరు లేచి జమాఖర్చులు చదవాలి, మరొకరు ప్రశ్న వేయాలి. ఆ రోజు మీరు వెనుక బల్లమీద కూర్చోండి. జవాబు తప్పుగా చెప్పినా వెంటనే లేవకండి.