మదురై మహలులో కెప్టెన్ కెమెరా

1858లో మదురైలోని తిరుమల నాయకుని మహలును ఫొటోలు తీసిన లినీయస్ ట్రైప్ మద్రాసు సైన్యంలో కెప్టెన్. బారులు తీరిన స్తంభాలు, కమానులు, పెచ్చులూడిన గోడలు కళ్లకు కడతాయి గానీ మనుషులు దాదాపు కనబడరు. తాయిల్పట్టి, కోవిల్పట్టి వైపు తెలుగు ఇళ్లలో నాయకరాజుల కథలు వింటూ పెరిగినవాళ్లకు ఆ ఖాళీ వింతగా తోస్తుంది. మదురై అంత నిర్మానుష్యంగా ఉండేదా? లేదు. ఆ ఖాళీలో సగం రసాయనం పని, సగం పట్టాళం పని.

ట్రైప్ ఎక్కువగా వాడింది మైనం పట్టించిన కాగితం. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1851లో వెల్లడించిన పద్ధతి అది. కాగితాన్ని అయొడైడులో నానబెట్టి ఆరబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేటులో ముంచుతారు. తాయిల్పట్టి లాంటి టపాకాయల ఊరివాళ్లకు సురేకారం కొత్త కాదు. అందులో పొటాషియం ఉన్నచోట ఇందులో వెండి ఉంటుంది. వెలుగు సోకిన కాగితాన్ని గాలిక్ ఆమ్లంలో వేస్తే బొమ్మ తేలుతుంది. మన కరక్కాయలోనూ ఆ ఆమ్లం ఉంది. తడి గాజుపలకనైతే ఆరేలోపే కడగాలి, మన ఎండల్లో అది ప్రాణసంకటం. ఈ కాగితాన్ని ముందే సిద్ధం చేసి వెంట తీసుకుపోవచ్చు. కాకపోతే ఒక్కో బొమ్మకు నిమిషాలు పడుతుంది. కదలని స్తంభం నిలుస్తుంది, నడిచిపోయే మనిషి జాడ మిగలదు. నీలికాంతికి ఆ కాగితం మరీ తొందరపడుతుంది కాబట్టి ఆకాశం వెలవెలబోయేది. అందుకని ట్రైప్ నెగెటివ్ మీద కుంచెతో మబ్బులు దిద్దేవాడు!

మరి పట్టాళం సంగతి? కోటను, వాగును, దారిని చూసినది చూసినట్టు గీయగల అధికారి ఈస్టిండియా కంపెనీకి కావాలి. ఇంగ్లండులో ఫిరంగిదళానికీ ఇంజినీరు దళానికీ అధికారులను తయారుచేసిన ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చిత్రలేఖనం పాఠమే. 1855 నుంచి ఫొటోగ్రఫీ కూడా నేర్పారు. ట్రైప్ అక్కడ చదివినవాడు కాదు, సెలవు మీద ఇంగ్లండు వెళ్లి ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. చూపు మాత్రం అదే, సర్వేవాడి చూపు. తంజావూరు పెద్దగుడి పునాది మీది శాసనాలను ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు అతికించి 19 అడుగుల పట్టీ చేశాడు.

కాలం చూడండి: ఈ ఫొటోల కోసం ఆయన బయల్దేరింది 1857 డిసెంబరులో. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటుతో యుద్ధం రగులుతోంది. 1858లోనే లక్నోలో ఫెలిచే బియాటో కెమెరా సికందర్ బాగ్‌లో చనిపోయిన సిపాయిల ఎముకలను చూపింది. దక్షిణాన ట్రైప్ చూపింది ప్రశాంతంగా నిలిచిన రాతికట్టడాలను. కత్తి పట్టిన కంపెనీకి పండితుడి వేషం ఇంతకన్నా చక్కగా కుదిరిన చోటు మరొకటి లేదనిపిస్తుంది.

ఆ వేషానికి ఖర్చు ఎక్కువైంది. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ సర్కారు ఖర్చుతో సాగే ఈ ఫొటోల పని విలాసమని తేల్చడంతో 1860లో అది ఆగిపోయింది. ఆడిస్కోంబ్ 1861లో మూతపడింది. ట్రైప్ తిరిగి పట్టాళం కొలువులోకి వెళ్లాడు.